బిక్షమ్మ రెండో మూట

బొంత కుట్టడానికి కూర్చున్నప్పుడు బిక్షమ్మ ముందుగా కండ్లు మూసుకుంటుంది. ఆమె ముందు రెండు మూటలుంటాయి. ఒకటి పుట్టిన పిల్ల తల్లివైపు నుంచి వచ్చిన పాత చీరల మూట, ఇంకోటి తండ్రివైపుది. కండ్లు మూసుకుని చెయ్యి చాపుతుంది. ఏ మూట తగిలితే దాని ముడే విప్పుతుంది. అందులో బట్ట సరిగ్గా ఉండి బొంత కుదిరిందా, రెండో మూట ముట్టను కూడా ముట్టదు. ఇక చాలన్నట్టు కత్తెరకు ఎర్ర దారం చుట్టి, ఆ మూటను వచ్చింది వచ్చినట్టే వాపస్ పంపిస్తుంది.

మర్రిగూడ మండలంలో నలభై ఏండ్లుగా ఇదే పద్ధతి. ఈ పద్ధతి వల్ల ఆమె పడ్డ మాటలు తక్కువేం కాదు. మూట వాపస్ వచ్చిన ఇంటి ఆడవాళ్లు, మా చీరలకేం రోగమొచ్చింది, వియ్యపురాలి బట్టలే పట్టు బట్టలా అని ఎత్తిపొడిచేవాళ్లు. బిక్షమ్మ నవ్వేది. నవ్వితే ఆమె పండ్ల మీద గోధుమరంగు గీతలు కనిపించేవి. ఆ ఊళ్లో బోరు నీళ్లు తాగి పెరిగిన వాళ్లందరి పండ్ల మీదా అవే గీతలు. రెండు మూటలు కోసి కలిపితే అది ఎవరి బొంతా కాకుండా పోతుందని, పిల్ల పెద్దగై ఇది మా అమ్మమ్మ చీర అనో, మా నాయినమ్మ చీర అనో ఒక్క మాట చెప్పుకోవాలని ఆమె లెక్క.

కుట్టడంలోనూ ఆమెకొక వరుస ఉంది. ముందు సన్నటి అంచు పీలికను కొంగు ముక్కకు కలుపుతుంది. ఆ రెండూ ఒకటయ్యాకే చీర నడిమి ముక్కను తెచ్చి అతుకుతుంది. ముందు నడిమి ముక్క పట్టుకుంటే ఎటు లాగినా ముడతే అని ఆమె అనుభవం. మోకాళ్లు వంగవు కాబట్టి కాళ్లు బార్లా చాపి, తొడల మీద బట్ట పరుచుకుని కుడుతుంది. మెడ కూడా తిరగదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే నడుము పైభాగం మొత్తం తిప్పి చూస్తుంది.

ఆ మెడ, ఆ మోకాళ్లు నీళ్ల వల్లే అట్లా అయ్యాయని ఊరికి తెలిసేనాటికి ఆమెకు పెండ్లయి ఇద్దరు పిల్లలు. నీళ్లు పరీక్ష చేసే మనిషి ఒకాయన వచ్చి, గాజు గొట్టంలో బోరు నీళ్లు పోసి నాలుగు చుక్కలు మందు వేశాడు. ఎర్రగా ఉన్నది పసుపుపచ్చగా మారింది. ఊరంతా అయ్యో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటే, బిక్షమ్మ మాత్రం ఆయన వెంటబడింది. ఎర్రది ఏమైపోయింది? పసుపు ఎక్కడి నుంచి వచ్చింది? ఒకే ఇంట్లో ఒకే కుండ నీళ్లు తాగినా మా ఆయన విల్లులా వంగిపోతే నేనెందుకు ఇంత మట్టుకు నిలబడ్డాను? ఆయన రెండింటికి జవాబు చెప్పి, మూడోదానికి తనకు తెలియదన్నాడు. బిక్షమ్మకు ఆ తెలియదన్న మాట బాగా నచ్చింది. చాలా ఏండ్ల తర్వాత కూతురి బిడ్డ మల్లిక బడికి పోయే వయసులో ఆ ముచ్చట వంద సార్లు చెప్పింది. మల్లిక పెద్దయి పాలమూరులో బయోకెమిస్ట్రీ చదివి, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుదురుకుంది. అవ్వ ముచ్చట నుంచే ఈ చదువు పుట్టిందని ఇంట్లో వాళ్లు పరాచికాలాడేవాళ్లు.

మల్లికను తన కొడుకు సోమన్న కొడుకు విజేందర్‌కు చేయించింది కూడా బిక్షమ్మే. పిల్ల దూరం పోవద్దు, పరాయి ఇంట్లో పడవద్దు అని పట్టుబట్టింది. విజేందర్‌కు కరెంటు ఆఫీసులో లైన్‌మన్ ఉద్యోగం. మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇల్లు. మేనబావ, మేనమరదలు. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు ఎరిగినవాళ్లు. ఎవరికీ వంక పెట్టడానికి జాగా లేదు.

మొదటి కాన్పు కొడుకు. చనిపోయిన తాత పేరు నర్సింహ అనే పెట్టారు. పుట్టిన రోజునే భుజానికి టీకా వేశారు. రెండో నెల దాటాక ఆ టీకా దగ్గర పుండు లేచి, మానకుండా పెద్దదవుతూ పోయింది. నోట్లో తెల్లటి పూత, తగ్గని విరేచనాలు, ఆ తర్వాత దగ్గు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయేటప్పటికి అయిదో నెల. రక్తపరీక్షలో రెండు రకాల రక్షణ కణాలు అసలే కనిపించలేదు. ఏ జన్యువులో లోపమో పట్టుకునే పరీక్షకు రక్తం తీసేలోపే పిల్లవాడు చేతికి రాకుండా పోయాడు.

ఇది జరిగిన రెండేండ్లకు ఆడపిల్ల పుట్టింది. ఈసారి డాక్టరమ్మ ముందే జాగ్రత్త పడింది. పుట్టగానే టీకా వద్దంది. రక్తంలో కణాల లెక్క చూస్తే కొంచెం తక్కువగా వచ్చింది. బొత్తిగా లేకపోవడం కాదు, ఉండాల్సినన్ని ఉన్నాయనడానికీ లేదు. ఒక్కోసారి తల్లి కణాలు కొన్ని పిల్ల ఒంట్లోకి చేరి లెక్కను మోసం చేస్తాయని, అందుకే ఇంకో పరీక్ష కావాలని చెప్పింది. పిల్ల మడమ నుంచి రెండు చుక్కల రక్తం దళసరి కాగితం మీద అద్ది, ఆరబెట్టి, హైదరాబాద్‌లోని ల్యాబుకు పంపారు. జవాబుకు పది రోజులు. అప్పటిదాకా పిల్ల గదిలోకి తల్లి, ఆమెకు సాయంగా వచ్చిన నర్సింగమ్మ తప్ప ఎవరూ పోకూడదు. నర్సింగమ్మ మల్లిక తల్లి, బిక్షమ్మ కూతురు. విజేందర్ కూడా రోడ్డు మీది నుంచి రాగానే తానమాడి, మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి చూసేవాడు.

బిక్షమ్మ మర్రిగూడ నుంచి మూడు బస్సులు మారి, చంకలో రెండు మూటలతో మూడో రోజున దిగింది. ఆమెను గది బయటే ఆపేశారు. గదికి వీధి అరుగు వైపు జాలి కొట్టిన కిటికీ ఉంది. బిక్షమ్మ ఆ కిటికీ కింద చాప వేసుకుని కాళ్లు చాపి కూర్చుంది. బొంత కూడా ఇప్పుడు లోపలికి రావద్దని మల్లిక గట్టిగా చెప్పేసింది. ఎవరివో పాత బట్టలు, ఎంత ఉడకబెట్టినా తనకు భయమేనని. బిక్షమ్మ ఏమీ అనుకోలేదు. లోపటికి పోవుడు తర్వాత సంగతి, కుట్టుడైతే కుట్టాలె కదా అని కండ్లు మూసుకుని చెయ్యి చాపింది. తండ్రివైపు మూట తగిలింది. సోమన్న భార్య స్వరూప కట్టిచ్చిన మూట.

ముడి విప్పుకుంటూనే మొదటి ప్రశ్న అడిగింది. ఆ కాగితం మీది నెత్తురులో ఏం చూస్తారని.

మల్లికకు అప్పుడు ఎవరితోనూ మాట్లాడాలని లేదు. పిల్ల ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్నిసార్లు తుమ్మింది అని రాసుకోవడంతోనే పొద్దు పోతోంది. చెప్పినా నీకు అర్థం కాదని అనబోయి, అవ్వ చేతిలో కత్తెర చూసి ఆగింది. ఆ కత్తెరనే పోలికగా తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది.

ఒంట్లోకి ఏ పురుగు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. రాని పురుగు కోసం, పేరు తెలియని పురుగు కోసం కూడా ముందే తయారుగా ఉండాలి. అందుకని రక్షణ కణం ప్రతీదానికీ ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఆకారం ఏ రెండు కణాలకూ సాధారణంగా ఒక్కటి కాదు. ఇన్ని కోట్ల చేతులకు ఇన్ని కోట్ల నమూనాలు రాసిపెట్టుకోవాలంటే కణంలో జాగా చాలదు. అందుకే నమూనా మొత్తంగా ఉండదు, ముక్కలుగా ఉంటుంది. మూడు కుప్పల ముక్కలు. కణం ఒక్కో కుప్ప నుంచి ఒక్కో ముక్క ఏరుకుని, నడుమ ఉన్నది కత్తిరించి పారేసి, ఆ మూడింటినీ అతుక్కుంటుంది. దానికి ఒక కత్తెర కావాలి. ఆ కత్తెర నర్సింహకు లేదని డాక్టరమ్మ అనుమానం. చెల్లెలికి ఉందా లేదా అన్నదే ఈ పరీక్ష.

"మరి కత్తెర కండ్లకు కనవడుతదా?" అంది బిక్షమ్మ.

"కత్తెరను చూడరవ్వా. కత్తిరించి పడేసిన ముక్క గుండ్రంగ చుట్టుకోని కణంలనే ఉంటది. ఆ గుండ్రాలను లెక్కవెడ్తరు."

బిక్షమ్మ తన కాళ్ల చుట్టూ చూసుకుంది. చాప మీద పీలికలు, దారపు పోగులు. "గంతే గదా. నేను పని చేసిన్నా లేదా చూడనీకె మీ తాత గూడ నన్ను అడుగకపోయేది. పొయ్యికాడికి పోయేటోడు తొవ్వల చాప దిక్కు జూసి పోయేటోడు."

ఆ మాటకు మల్లిక చాలా రోజుల తర్వాత నవ్వింది. తాను కాలేజీలో రెండు గంటలు చెప్పినా ఇంత సూటిగా చెప్పలేనని అనుకుంది.

ఆ తర్వాత రోజుకొక ప్రశ్న. పొద్దున చాయ్ గ్లాసు కిటికీ కింద పెట్టేలోపే ప్రశ్న తయారుగా ఉండేది. కత్తెర ఎక్కడ కత్తిరించాలో దానికెవరు చెప్తారు? ముక్క ముక్క పక్కన గుర్తులుంటాయని మల్లిక చెప్పింది, దర్జీ సుద్దతో గీసుకున్నట్టు. గుర్తుల్లో పొట్టి రకం, పొడుగు రకం ఉంటాయని, పొట్టి గుర్తు ముక్క పొడుగు గుర్తు ముక్కతోనే కలుస్తుందని, అందువల్ల ఒకే కుప్పలోని రెండు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని తప్పు జరగదని చెప్పింది. ఏ రెండు ముందు అతుక్కుంటాయని అడిగితే, చిన్న ముక్కలు రెండూ ముందు, పెద్దది తర్వాత అంది. బిక్షమ్మ ఒక్క క్షణం సూది ఆపి, తన ఒళ్లోని అంచు పీలికను, కొంగు ముక్కను చూసుకుంది. ముఖం వెలిగింది.

మరి కత్తెర ఒంట్లో తిరుగుతుంటే అడ్డమైనవన్నీ కత్తిరించదా అన్నది మరుసటి రోజు ప్రశ్న. అది భయపడాల్సిన సంగతేనని మల్లిక ఒప్పుకుంది. తప్పు చోట కత్తెర పడితే క్యాన్సర్ కూడా రావచ్చు. అందుకే కణం ఎన్నో కట్టుబాట్లు పెట్టుకుంటుంది. కత్తిరించొద్దు అనుకున్న చోటంతా బిగించి చుట్టి ఉంచుతుంది, విప్పిన చోటే కత్తెర అందుతుంది. కణం రెండు కణాలు కావడానికి సిద్ధమయ్యే వేళ కత్తెర సగభాగాన్ని తానే విరిచి పారేస్తుంది. మళ్లీ కావాలంటే కొత్తది చేసుకుంటుంది.

"పంచుకునేటప్పుడు నడుమ కత్తెర ఉండొద్దు. గది మంచి పద్ధతే," అంది బిక్షమ్మ.

లోపల నర్సింగమ్మకు ఈ ముచ్చట్లు వింతగా తోచేవి. పిల్ల బతుకుతదా లేదా అని గుండెలు దడదడలాడుతుంటే ఈ ముసలామెకు కత్తెర ముచ్చట్లేందని విసుక్కునేది. కానీ మల్లికకు తెలుసు. రోజంతా మనసు ఒక్కటే గోడకు తలబాదుకుంటుంటే, అవ్వ ప్రశ్న వచ్చి కాసేపు పక్కకు లాగుతోంది. ఆమె కూడా ఆ ప్రశ్న కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

వచ్చిన ఆరో రోజు బిక్షమ్మ అడిగింది, మల్లికకు తన పాఠాల్లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

"నెత్తురు కణం గూడ ఒకటే బొంత కుడుతదంటివి. దానికి గూడ తల్లి దిక్కు ముక్కలు, తండ్రి దిక్కు ముక్కలు ఉంటయ్ గదా. ఒక దిక్కుది కుదిరినంక ఇగ చాలని కత్తెరకు ఎవలు చెప్తరే?"

మల్లిక పిల్లను భుజం మార్చుకుని కిటికీకి దగ్గరగా జరిగింది. "రెండు దిక్కులయి ఉంటయ్. మొదాలు ఒక దిక్కుది విప్పుతది. ఏ దిక్కు అన్నది దాని అదృష్టం. అది కుదిరి చెయ్యి తయారైతె, ఆ చెయ్యి పోయి కణం బయట నిలవడ్తది. ఆన్నుంచి లోపటికి కబురు పోతది, నేను వచ్చిన అని. కబురు అందంగనే కత్తెర ఆగుతది, రెండో దిక్కుది గట్టిగ చుట్టుకుంటది. కుదరకపోతేనే రెండోది విప్పుడు."

"అంటె కుట్టిన బొంతనే చెప్తదన్నట్టు."

"బొంతనే చెప్తదవ్వా."

బిక్షమ్మ ఎర్ర దారం వేలికి చుట్టుకుంది. నలభై ఏండ్లు తాను పడ్డ ఎత్తిపొడుపులు గుర్తొచ్చాయేమో. తర్వాత, ఒక్కటే చెయ్యి ఎందుకని అడిగింది. రెండు రకాల చేతులున్న కణం దేన్ని పట్టుకోవాలో తేల్చుకోలేకపోవచ్చని, రెండో చెయ్యి మన ఒంటినే పట్టుకునేదైతే ప్రమాదమని మల్లిక చెప్పింది. అయినా కబురు ఎట్లా పోతుందన్నది కొంత తెలుసు గానీ, రెండు దిక్కుల్లో ముందు దేన్ని విప్పాలో కణం ఎట్లా తేల్చుకుంటుందన్నది ఇంకా చదువుకున్నవాళ్లకే పూర్తిగా తెలియదంది. బిక్షమ్మ తృప్తిగా తలాడించింది. తెలియదన్న జవాబును ఆమె దాచిపెట్టుకున్నట్టే ఉంటుంది.

ఏడో రోజు ప్రశ్న రాలేదు.

ఆ పొద్దున బిక్షమ్మ మూటలో అడుగున ఉన్న చీర తీసింది. వంకాయరంగు నేత చీర సగం. అది ఆమెదే. పెండ్లయిన కొత్తలో ఆమె భర్త రామన్నపేట అంగడిలో ఇష్టపడి తెచ్చింది. ఇనుప పెట్టెలో మడిచి పెట్టి ఏండ్ల తరబడి దాచుకుంది. పెట్టె అడుగు తుప్పు ఎక్కి, ఆ తుప్పు చీర మడతల్లోకి దిగిందని ఆమె చూసుకోలేదు. కొడుకూ కూతురూ ఎవరి సంసారం వాళ్లు పెట్టుకున్నప్పుడు దాన్ని నడిమికి చింపి చెరి సగం ఇచ్చింది. మీ పిల్లల బొంతల్లోకి పనికొస్తుందని. ఇప్పుడు విప్పి చూస్తే, కొడుకుకిచ్చిన సగంలో అరచేయంత మేర తుప్పు తినేసిన కంత.

ముక్క పాడైతే రెండో మూట విప్పవచ్చు, అది ఆమె పద్ధతిలో ఉన్నదే. తల్లివైపు మూట విప్పింది. నర్సింగమ్మ కట్టిన మూట. పైనే ఇంకో సగం చీర. దులిపి పరిచింది. అంచు నుంచి అంతే దూరంలో, అంతే కంత. మడిచిపెట్టిన చీర కదా, ఒక్క తుప్పే రెండు మడతల్నీ తినేసింది. రెండు సగాలను ఒకదాని మీద ఒకటి పెట్టి ఎత్తిపట్టుకుంటే కంత కంతా కలిసి అవతలి గోడ కనిపించింది.

ఆ రోజంతా ఆమె సూది పట్టలేదు. పొద్దు వాలుతున్నప్పుడు మల్లికే కిటికీ దగ్గరికి వచ్చి, ఏమైందవ్వా, ఇయ్యాల సప్పుడు లేదని అడిగింది. బిక్షమ్మ ఆ రెండు సగాలనూ జాలి మీద ఆనించి చూపించింది.

"ఒక మూటల చిరిగింది ఇంకో మూటల దొరుకుతదనే గదనే రెండు మూటలు వెట్టుకునేది. రెండిట్ల నా చీరనే వచ్చి చేరె. నేనే గదా మీ ఇద్దరిని కలిపింది."

హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ కేసు కాగితం తీసి అడిగిన మొట్టమొదటి ప్రశ్న, మేనరికమా అని. ఔనని తల ఊపిన క్షణం నుంచి ఆ సంగతిని మల్లిక, విజేందర్ ఇద్దరే మోస్తున్నారు. అవ్వకు తెలియనివ్వొద్దని ఒకరికొకరు మాటిచ్చుకున్నారు. ఎవరూ చెప్పకుండానే అవ్వ ఒక్క చీరలో దాన్ని చదివేసింది.

అబద్ధం చెప్పే అవకాశం ఇక లేదు. మల్లిక మెల్లగా చెప్పింది. కత్తెరను తయారుచేసే నమూనాకు కూడా తల్లి దిక్కు ముక్క ఒకటి, తండ్రి దిక్కు ముక్క ఒకటి ఉంటాయి. తనకొక దిక్కు బాగున్న ముక్క ఉంది, ఇంకో దిక్కు కంత ఉండి ఉండొచ్చు. విజేందర్‌కూ అంతే. ఒక దిక్కుది బాగున్నా కత్తెర ఆడుతుంది, అందుకే వాళ్లిద్దరూ నిక్షేపంగా ఉన్నారు. కంత ఎవరిదన్నది తేలలేదు, తాతదీ కావచ్చు. డాక్టరమ్మ అనుమానమే తప్ప రుజువు కాలేదు. మేనరికం చేసుకున్న అందరి ఇండ్లలో ఇట్లా కాదు, ఎన్నో ఇండ్లలో పిల్లలు బాగానే ఉన్నారు.

బిక్షమ్మ ఓదార్పు మాటలు విన్నట్టు లేదు. చాప మీద నాలుగు ముక్కలు పెట్టుకుంది. మల్లికకు రెండు, విజేందర్‌కు రెండు. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి తీసి జతలు కట్టింది. బాగున్నదీ బాగున్నదీ. బాగున్నదీ కంతదీ. కంతదీ బాగున్నదీ. కంతదీ కంతదీ. నాలుగో జత మీద వేలు పెట్టింది.

"నర్సింహ గిది."

"కావచ్చవ్వా."

"గీ పిల్ల గూడ గిదైతె?"

అప్పుడు ఇంకొకరి ఎముకల్లోని మూలుగ అడిగి తెచ్చి పిల్లకు ఎక్కించాలని, అందులో కత్తెర పనిచేసే కణాలుంటాయని మల్లిక చెప్పింది. ఇంటివాళ్లలో సరిపోయేది దొరికితే సరే, లేకపోతే బయటివాళ్లను అడగాలి. పేరు కూడా తెలియనివాళ్లు ఇస్తారు. నర్సింహకు అంతదాకా పోయే టైం దొరకలేదు. ఈసారి తొందరగా తెలిస్తే దొరుకుతుంది.

"అయితె అడుక్కుందాం," అంది బిక్షమ్మ. "నా పేరే గది."

అది నిజమే. ఆమెకు ముందు ముగ్గురు పిల్లలు పొత్తిళ్లలోనే పోతే, నాలుగోది బతకాలని వాళ్లమ్మ అయిదిండ్ల గడపలు తొక్కి తలా ఒక గుడ్డ ముక్క అడుక్కొచ్చి బొంత కుట్టింది. ఆ అడుక్కున్న పిల్ల కాబట్టే బిక్షమ్మ. వాళ్లు ముగ్గురూ ఎందుకు పోయారన్నది కూడా ఆమె జవాబు దొరకని ప్రశ్నల్లో ఒకటి.

మరునాడు పొద్దున ఆమె వీధిలోకి బయలుదేరింది. మర్రిగూడలో అయితే ఎవరూ ఏమనుకోరు. మహబూబ్‌నగర్ వీధిలో ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని గేటు ముందు నిలబడితే ముందు చిల్లర తెచ్చారు. డబ్బులు వద్దు, ఉతికి మెత్తబడిన గుడ్డ ముక్క అరచేయంత చాలు, మీ ఇంటిది కావాలి, మా ఇంటిది పనికిరాదని చెప్పింది. ఒక ఇంటివాళ్లు తలుపేసుకున్నారు. ఇంకో ఇంట్లో, మంత్రాలు గింత్రాలు చేస్తావా ఏందని అనుమానపడ్డారు. మూడో ఇల్లు కరుణ టీచరమ్మది. ఆమె బిక్షమ్మను కుర్చీలో కూర్చోబెట్టి సంగతంతా విన్నది. లోపలికి పోయి, వాళ్లమ్మ ఆదివారాలు చర్చికి కట్టుకుపోయిన తెల్ల చీర తెచ్చి, ఎంత కావాలంటే అంత కత్తిరించుకోమంది. బిక్షమ్మ అరచేయి పెట్టి కొలుచుకుని అంతే కత్తిరించుకుంది.

ముక్కను కొంగున కట్టుకుని తిరిగి వస్తుంటే ఇంటి ముందు విజేందర్ బండి కనిపించింది. ఆ వేళకు అతను ఇంటికి వచ్చే మనిషి కాదు. బిక్షమ్మ గబగబా నడుద్దామన్నా మోకాళ్లు నడవనివ్వలేదు. గేటు దగ్గరికి వచ్చి చూస్తే, అతను కిటికీ ముందు నిలబడి ఫోన్‌ను జాలికి ఆనించి పట్టుకున్నాడు. లోపలి నుంచి మల్లిక చదువుతోంది. చదివిందే మళ్లీ చదువుతోంది. కదలకుండా పట్టుకో బావా, అంకె కనిపిస్తలేదని అంటోంది.

బిక్షమ్మ అరుగు అంచు పట్టుకుని నిలబడింది.

మల్లిక తల ఎత్తింది. "గుండ్రాలున్నయవ్వా. మస్తుగున్నయ్. ఉండాల్సినంత కంటె తక్కువేం లెవ్వు."

"కత్తెర ఆడుతాంది?"

"ఆడుతాంది."

బిక్షమ్మ మెల్లగా చాప మీదికి దిగి, కాళ్లు చాపుకుని, కొంగు ముడి విప్పి తెల్ల ముక్క తీసింది. వంకాయరంగు చీర కంత మీద పెట్టి, నాలుగు దిక్కులా సరిచూసుకుని, సూదిలోకి దారం ఎక్కించడానికి ప్రయత్నించింది. మూడుసార్లు తప్పింది. విజేందర్ పక్కన కూలబడి దారం ఎక్కించి ఇచ్చాడు. అతని ముఖమంతా తడిసిపోయి ఉంది. ఆమె చూడనట్టే కుట్టు మొదలుపెట్టింది.

పిల్లకు ఒక దిక్కు కంత ఉందేమో ఇంకా తెలియదని, అది తర్వాత వేరే పరీక్షలో తేలుతుందని ఆ సాయంత్రం మల్లిక చెప్పింది. తామిద్దరూ కూడా రక్తం ఇస్తున్నామని చెప్పింది. బిక్షమ్మ తనదీ తీసుకోమంది. కంత తాతదో నాదో తెలుసుకోకుండా పోతే పైకి పోయి ఆయనతో కొట్లాడేటప్పుడు నా దగ్గర ఏం రుజువుంటదని అంది. ఆ తర్వాత మర్రిగూడకు ఫోన్ కలపమంది.

మల్లిక చెల్లెలు కోమలను విజేందర్ తమ్ముడు బాలకృష్ణకు చేద్దామని రెండేండ్ల కింద నలుగురిలో మాట ఇచ్చింది కూడా బిక్షమ్మే. ఆ మాట అక్కడికే ఆపేయమని కొడుకుతో చెప్పింది. సోమన్న అవతలి నుంచి చాలాసేపు మాట్లాడాడు. పెద్దమనుషుల్లో మాట పోతుందని, చెల్లె ఏమనుకుంటుందని, మల్లిక బిడ్డ బాగానే ఉందని తేలింది కదా అని.

"మాట నేనే అన్న, నేనే వాపస్ తీస్కుంటున్న. నీకేం పోయింది?" అంది ఆమె. చెల్లె ఏమనుకుంటుందో ఆ చెల్లె పక్కనే ఉందని ఫోన్ నర్సింగమ్మకు ఇచ్చేసింది. నర్సింగమ్మ కూడా అదే మాట అంది. నర్సింహను రెండు చేతుల మీద మోసింది ఆమే.

బొంతను ఉడకబెట్టి, రెండు రోజులు ఎండలో తిప్పి తిప్పి ఆరవేసి, మల్లికే లోపలికి తీసుకుంది. వంకాయరంగు నడుమ తెల్లటి ముక్క పెద్ద చందమామలా ఉందని అంది. బిక్షమ్మ కత్తెరకు ఎర్ర దారం చుట్టి, తల్లివైపు మూట మళ్లీ కట్టి పెట్టింది. అందులోని వంకాయరంగు సగాన్ని మాత్రం తీసి తన దగ్గరే ఉంచుకుంది.

పిల్లకు నెల నిండాక డాక్టరమ్మ టీకా వేయమంది. ఆ రోజు నుంచి ఇంట్లో మళ్లీ భయం మొదలైంది. కాగితం మీద అంకె వేరు, భుజం మీద సూదిపోటు వేరు. మూడో వారం టీకా జాగాలో సన్నటి పొక్కు లేచింది. మల్లిక రోజూ స్కేలు పెట్టి కొలిచి ఫోటో తీసుకునేది. బిక్షమ్మ మర్రిగూడకు పోతానన్న మాటే మరిచి, రోజూ పొద్దున పిల్ల చొక్కా చెయ్యి పైకెత్తి చూసేది. నర్సింహ పుండును ఆమె మరిచిపోలేదు. పొక్కు పెరిగింది, చిట్లింది, కొంచెం రసి కారింది. మల్లిక ఒక రోజంతా అన్నం తినలేదు. ఆ మరుసటి వారం కొలత అంతే ఉంది. ఆ మరుసటి వారం తగ్గింది. పైన చెక్కు కట్టింది.

ఒక పొద్దున పిల్లను ఎత్తుకున్నప్పుడు ఆ చెక్కు బొంత మీద రాలి ఉంది, తెల్ల ముక్క నడుమ. పిల్ల భుజం మీద గులాబీరంగులో చిన్న మచ్చ. బిక్షమ్మ ఆ చెక్కును అరచేతిలోకి తీసుకుని, కిటికీ వెలుతురుకు పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తర్వాత నడుము పైభాగమంతా తిప్పి మల్లిక వైపు చూసింది.

"ఇన్ని తీర్ల చేతులు కుట్టుకుంటె గీ టీకా పురుగును పట్టేటి చెయ్యి ఏదో ఒకటి ఉంటది. మంచిదే. మరి ఆ ఒక్కదానికి, నీ పురుగు గీడ భుజంల ఉంది రా అని ఎవలు పోయి చెప్పిండ్రే?"

మల్లిక పిల్లను అవ్వ ఒళ్లో పెట్టి, ఎదురుగా కింద కూర్చుంది. "అది కొంచెం పెద్ద ముచ్చటవ్వా," అంది.

బిక్షమ్మ కాళ్లు చాపి, పిల్లను సర్దుకుని, గోడకు ఆనుకుంది.